లాగే బరువు కన్నా మోసే బరువు ముందు చూడాలి

డిసెంబరు సెలవులు దగ్గరపడుతున్నాయంటే మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, ముఖ్యంగా టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాల్లో ఉన్న తెలుగు కుటుంబాల మధ్య ఒక ప్రశ్న తప్పకుండా తిరుగుతుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, పిల్లలకు బడి సెలవులు, అందరం ఒకే బండిలో వెళ్లాలి, వెనక చిన్న కారవాన్ (కారు లాగే చక్రాల ఇల్లు) కూడా తగిలించుకోవాలి. దానికి ఏ ఏడు సీట్ల కారు కొనాలి అన్నదే ఆ ప్రశ్న. అడిగినవాళ్లందరికీ ముందుగా ఒకే మాట చెబుతున్నాను: ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే మూడున్నర టన్నుల అంకెను కాసేపు పక్కన పెట్టండి. ఆ అంకె కారు లాగే బరువు గురించి చెబుతుంది. ఆరుగురితో, ఏడుగురితో ప్రయాణం చేసే కుటుంబానికి అంతకంటే ముందు తెలియవలసింది కారు మోసే బరువు.

అసలు మాకు కారవాన్ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే కారు ఎంపిక అక్కడి నుంచే మొదలైంది. మా అమ్మ బయట వంట తినదు. దారిలో దొరికే మోటళ్లలో చాలా వాటిలో కెటిల్, మైక్రోవేవ్ తప్ప పొయ్యి ఉండదు. మొదటిసారి గ్రేట్ ఓషన్ రోడ్డుకు వెళ్లినప్పుడు ఆవిడ రెండు రోజులు అరటిపళ్లు, పెరుగు, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులతో గడిపింది. సముద్రం బాగుందనే చెప్పింది గాని, మూడో రోజుకు ఇంటికి పోదామని కూడా చెప్పింది. సొంత పొయ్యి, సొంత కుక్కరు, రాత్రి లేస్తే చేతికి అందేంత దూరంలో మంచినీళ్లు ఉంటేనే ఆ వయసువాళ్లు ప్రయాణాన్ని ఆనందిస్తారని నాకు అప్పుడు అర్థమైంది. అందుచేత మా అవసరం ఇది: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, అమ్మ, నాన్న కలిసి ఆరుగురం; ఎవరైనా తోడు వస్తే ఏడుగురం; వెనక వంటగది ఉన్న చిన్న కారవాన్.

ఈ దేశంలో లాగుడుకు పేరున్న ఏడు సీట్ల బండ్లు కొన్ని ఉన్నాయి. ఫోర్డ్ ఎవరెస్ట్, ఇసుజు ఎంయూ-ఎక్స్, కొత్త తరం టయోటా ప్రాడో, ఈ మూడూ బ్రేకులున్న ట్రెయిలరును 3,500 కిలోల వరకు లాగవచ్చని తయారీదారులు చెబుతారు. మిత్సుబిషి పజేరో స్పోర్ట్, టయోటా ఫార్చ్యూనర్‌లది 3,100 కిలోలు. మన ఊళ్లలో ఫార్చ్యూనర్‌కు ఉన్న హోదా వల్ల చాలామంది కళ్లు మొదట దాని మీదే పడతాయి. మా నాన్న అయితే ఇన్నోవా ఇక్కడ అమ్మరని తెలిసి నిజంగానే విచారించారు. ఇవన్నీ విడి చట్రం మీద కట్టిన గట్టి బండ్లు, వాటి శక్తిని నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ పెద్ద అంకె నిండా మనుషులున్న కారుకు వర్తించేది కాదన్న సంగతిని అమ్మకందారు తనంతట తాను చెప్పడు, మనమూ అడగము.

ఇక్కడ మూడు అంకెలను విడివిడిగా అర్థం చేసుకోవాలి. జీవీఎం అంటే కారు, దానిలోని మనుషులు, సామాను, ఇంధనం, టో బాల్ (కారవాన్‌ను తగిలించే కారు వెనక గుండు) మీద పడే బరువు అన్నీ కలిసి ఎంతకు మించకూడదో చెప్పే హద్దు. ఏటీఎం అంటే ట్రెయిలరు తన సామానంతటితో కలిసి ఎంతకు మించకూడదో చెప్పేది. జీసీఎం అంటే కారు, ట్రెయిలరు కలిసిన మొత్తానికి ఉన్న హద్దు. ఈ మూడింటితో పాటు టో బాల్ మీద నిలువుగా దిగే బరువుకు వేరే పరిమితి ఉంటుంది. కారవాన్ బరువులో దాదాపు పదో వంతు టో బాల్ మీద పడాలన్నది ఆస్ట్రేలియాలో వాడుకలో ఉన్న లెక్క. ఆ పదో వంతు కారవాన్‌దే అయినా దాన్ని మోసేది మాత్రం కారే, కాబట్టి అది కారు జీవీఎం లెక్కలోకి వస్తుంది. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. 2021లో వచ్చిన నాలుగు చక్రాల నడక (ఫోర్ వీల్ డ్రైవ్) ఎంయూ-ఎక్స్‌కు జీవీఎం 2,800 కిలోలు, జీసీఎం 5,900 కిలోలు. ఖాళీ కారు బరువు సుమారు 2,170 కిలోలు. దాని వెనక నిజంగానే 3,500 కిలోల కారవాన్ తగిలిస్తే, జీసీఎంలో కారుకు మిగిలేది 2,400 కిలోలు. అందులోంచి ఖాళీ కారు బరువు తీసేస్తే మనుషులకూ సామానుకూ మిగిలేది 230 కిలోలు. ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కితే అది దాదాపు అయిపోయినట్టే. అంటే అది ఏడు సీట్ల కారు కావడమూ నిజమే, మూడున్నర టన్నులు లాగగలగడమూ నిజమే, కాని ఆ రెండు పనులూ ఒకేసారి చేయలేదు. ఇది ఆ ఒక్క బండిలోని లోపం కాదు, ఈ తరగతి బండ్లన్నింటిలోనూ అంకెలు కొద్దిగా అటూఇటూగా ఉన్నా తీరు మాత్రం ఇదే.

ఏడు సీట్ల కార్లలో చాలా వాటికి, జీవీఎం నుంచి ఖాళీ బరువు తీసేస్తే, మోసే సామర్థ్యం 550 నుంచి 750 కిలోల మధ్యలో ఉంటుంది. మధ్యస్థంగా 650 అనుకుని మా ఇంటి లెక్క వేశాను. బాత్రూమ్ తూనిక మీద ఒక్కొక్కరమే నిలబడ్డాము: నేను 78, నా భార్య 62, నాన్న 70, అమ్మ 64, కూతురు 30, కొడుకు 21. మొత్తం 325 కిలోలు. టో బాల్‌ను కారుకు పట్టి ఉంచే టో బార్ ఇనుము ఒక 30 కిలోలు. 1,500 కిలోల కారవాన్ తగిలిస్తే టో బాల్ మీద 150. ఇప్పటికి 505 అయింది. బట్టలకు, పిల్లల సీట్లకు, మందుల పెట్టెకు, దారిలో తినే సామానుకు 145 కిలోలు మిగులుతాయి. ఇది హాయిగా సరిపోతుంది. అదే లెక్కలో 3,000 కిలోల కారవాన్ పెట్టి చూడండి. టో బాల్ మీదే 300 కిలోలు పడతాయి, మొత్తం 655 అవుతుంది. ఒక్క సంచీ కూడా ఎక్కించకముందే హద్దు దాటిపోయాము. కాగితం మీద ఆ కారు ఆ కారవాన్‌ను లాగగలదు. మా ఆరుగురితో లాగలేదు.

ఈ లెక్కల మీద నాకు ఇంత పట్టుదల రావడానికి కారణం ఒక ప్రయాణం. సొంత కారవాన్ కొనక ముందు, పాత కారుతో, ఒక స్నేహితుడి దగ్గర చిన్న కారవాన్ తీసుకుని గ్రాంపియన్స్ కొండల్లోని హాల్స్ గ్యాప్‌కు బయలుదేరాము. బరువు మొత్తంగా హద్దులోనే ఉందని నేను ధీమాగా ఉన్నాను. అయితే సామాను ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించలేదు. మూడు సైకిళ్లు కారవాన్ వెనక బంపరుకు కట్టాను, వెనక ఉన్న నీళ్ల ట్యాంకు నిండా నింపాను, బియ్యం సంచీ, పనిముట్ల పెట్టె ఖాళీగా కనిపించిన వెనక అరలో తోశాను. బల్లారట్ దాటాక, గంటకు 95 కిలోమీటర్ల వేగంలో, ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి కారవాన్ ముందు కొద్దిగా కదిలి, తరువాత తోక ఆడించినట్టు కుడికీ ఎడమకూ ఊగడం మొదలుపెట్టింది. ప్రతి ఊపుకూ కారు వెనక భాగాన్ని తనతో పాటు ఈడుస్తోంది. వెనక సీటులో అమ్మ పిల్లలిద్దరి చేతులూ పట్టుకుంది. కారు బ్రేకు తొక్కవద్దని ఎక్కడో చదివిన మాట గుర్తుండి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, కారవాన్ బ్రేకులను మాత్రమే పనిచేయించే మీటను వేలితో నొక్కాను. నాలుగైదు క్షణాల్లో ఊపు తగ్గింది. ఆ క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

దగ్గరలోని విశ్రాంతి స్థలంలో ఆపాము. నాన్న దిగి కారవాన్ చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగారు. కృష్ణా జిల్లాలో ముప్ఫై ఏళ్లు ఎడ్లబండి మీద వరిగడ్డీ ధాన్యమూ తోలిన మనిషి ఆయన. కారవాన్‌ను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. "ఒరేయ్, ఇది వెనక మొగ్గు బండి. బరువంతా ఇరుసుకు వెనక వేశావు. ఎడ్లబండికి ఇలా వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుల కింద తాళ్లు బిగుసుకుంటాయి. ముందుకు కాస్త మొగ్గు ఉండాలి, మరీ ఎక్కువైతే మెడలు కమిలిపోతాయి" అన్నారు. పదో వంతు లెక్కను అంత స్పష్టంగా నాకు ఇంకెవరూ చెప్పలేదు. అక్కడే వెనక ట్యాంకు నీళ్లు వదిలేసి, బియ్యమూ పనిముట్లూ తెచ్చి ఇరుసుకు సరిగ్గా మీదుగా కింద పెట్టి, సైకిళ్లను లోపలికి ఎక్కించాము. మిగతా దారంతా అదే కారవాన్ మా వెనక బుద్ధిగా వచ్చింది.

ఎడ్లబండి విషయంలో నాన్న చెప్పిన మాటే కారుకూ వర్తిస్తుంది, ఏడు సీట్ల కారుకు మరీ ఎక్కువగా. టో బాల్ వెనక ఇరుసుకు సరిగ్గా మీద ఉండదు, దానికి మీటరుకు పైగా వెనక ఉంటుంది. ఒక కారులో ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.85 మీటర్లు, వెనక ఇరుసు నుంచి టో బాల్‌కు 1.2 మీటర్లు అనుకుందాం. టో బాల్ మీద 150 కిలోలు దిగితే, తక్కెడ సూత్రం ప్రకారం ముందు చక్రాల మీద నుంచి 63 కిలోలు పైకి లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 213 కిలోలు పెరుగుతాయి. దానికి తోడు మూడో వరుస సీట్లు చాలా కార్లలో వెనక ఇరుసుకు దాదాపు మీదనో, కొంచెం వెనకనో ఉంటాయి. అక్కడ ఇద్దరు కూర్చుని, వాళ్ల వెనక సామాను పెడితే, మొత్తం బరువు హద్దులో ఉన్నా వెనక ఇరుసు తన హద్దు దాటిపోవచ్చు. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు తగ్గుతుంది, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి. ఇరుసులకు విడిగా హద్దులు ఉంటాయనీ, అవి కారుతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటాయనీ మా పరిచయస్తుల్లో చాలామందికి తెలియదు. కొనే ముందే ఆ పేజీ చూపించమని అడగాలి. టో బార్ అమర్చిన తరువాత దాని మీద ఉండే చిన్న పలకనూ చదవాలి, ఎందుకంటే కొన్ని కార్లకు, ముఖ్యంగా యూరప్ నుంచి వచ్చేవాటికి, లాగే అంకె పెద్దదిగా ఉన్నా టో బాల్ పరిమితి అందులో పదో వంతుకు చాలా తక్కువగా ఉంటుంది.

ఇక మనుషుల సంగతి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎత్తైన ఒక బండిని చూడడానికి షోరూముకు వెళ్లినప్పుడు, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరి పిడిని ఇంకో చేత్తో పట్టుకుని, పక్క మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. పైకి రాలేకపోయింది, కిందికి దిగడానికి నా భుజం కావలసి వచ్చింది. ఆ బండి ఎంత లాగుతుందన్నది ఆ క్షణం నుంచి నాకు అనవసరమైపోయింది. కారు కొనేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లనూ అందరికంటే చిన్నవాళ్లనూ వెంట తీసుకుపోవాలి. మూడో వరుసలోకి పిల్లలు తమంతట తాము వెళ్లగలుగుతున్నారా, రెండో వరుసలో పిల్లల సీటు బిగించి ఉన్నా వెనకకు దారి ఉందా, ఏడు సీట్లూ నిలబెట్టాక వెనక కనీసం నాలుగు సంచులు పడతాయా అన్నది షోరూములోనే చేసి చూడాలి. ఫార్చ్యూనర్‌లో మూడో వరుస సీట్లు నేలలోకి మడవవు, రెండు పక్కలకూ ఎత్తి కట్టుకోవాలి. ఆ స్థలం అలా వృథా అవుతుంది. ఆస్ట్రేలియాలో ఏడేళ్ల లోపు పిల్లలకు ఆమోదం పొందిన సీటు తప్పనిసరి, ఆ సీట్లలో చాలా వాటికి పైనుంచి పట్టీ బిగించే కొక్కెం కావాలి. కొన్ని ఏడు సీట్ల కార్లలో మూడో వరుసకు ఆ కొక్కేలు లేవు. పక్క గాలిసంచులు (ఎయిర్‌బ్యాగులు) మూడో వరుస దాకా వస్తాయో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి. మనం ఎంతో ప్రేమగా పెంచుకునే పిల్లలే ఆ వరుసలో కూర్చునేది.

అందువల్ల మేము ఎంపికను తలకిందులుగా చేశాము. ముందు మనుషులు, తరువాత కారు, చివర కారవాన్. కారవాన్ ముందు కొని దానికి తగిన కారు వెతికేవాళ్లు పెద్ద బండ్ల వైపే నెట్టబడతారు. టయోటా క్లూగర్, కియా సొరెంటో డీజిల్, కియా కార్నివాల్ డీజిల్, ఈ మూడింటి లాగుడు పరిమితీ 2,000 కిలోలు. హ్యుందాయ్ పాలిసేడ్ మొదటి తరానిది 2,200. సొరెంటోలోనే హైబ్రిడ్ తీసుకుంటే అది 1,650కు తగ్గుతుంది, కాబట్టి ఒకే పేరున్న కారు అయినా ఇంజను మారితే అంకె మారుతుందని గమనించాలి. విద్యుత్ కార్లలో కియా ఈవీ9 నాలుగు చక్రాల నడక రకం 2,500 కిలోలు లాగుతుంది గాని, కారవాన్ తగిలిస్తే ఒక చార్జీతో పోయే దూరం బాగా పడిపోతుంది, పైగా చాలా చార్జింగు స్థలాల్లో కారవాన్‌ను విప్పితే గాని కారు పట్టదు. పెద్దవాళ్లతో దూర ప్రయాణానికి అది ఇంకా తేలిక కాదన్నది నా అభిప్రాయం.

మేము కార్నివాల్ డీజిల్ తీసుకున్నాము. నేల తక్కువ ఎత్తులో ఉంది, పక్కకు జరిగే తలుపులున్నాయి, అమ్మ ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంటుంది. ఎనిమిది సీట్లు ఉన్నాయి, మూడో వరుస వెనక లోతైన సామాను గుంట ఉంది. ఇరుసుల మధ్య దూరం 3.09 మీటర్లు కావడం వల్ల టో బాల్ బరువు ముందు చక్రాలను లేపడం కొంత తక్కువ. 440 న్యూటన్ మీటర్ల టార్కు ఉన్న ఆ డీజిల్ ఇంజను బకస్ మార్ష్ దాటాక వచ్చే పెంట్‌ల్యాండ్ హిల్స్ ఎక్కుడులో 1,500 కిలోల కారవాన్‌ను ఆయాసం లేకుండా లాగుతుంది. దీనికీ ఒక లోటు ఉంది. ఇంజను శక్తి ముందు చక్రాలకే పోతుంది, టో బాల్ తేలిక చేసేదీ ఆ ముందు చక్రాలనే. వానకు తడిసిన గడ్డి మీద, కాస్త ఎత్తుగా ఉన్న చోట కారవాన్‌తో కదలబోతే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే మేము కంకర పోసిన స్థలాలే ముందుగా అడిగి తీసుకుంటాము. ఇసుక దారుల్లో, ఎడారి లోపలికి, నెలల తరబడి తిరగాలనుకునే నలుగురి కుటుంబానికి నేను కార్నివాల్ చెప్పను. వాళ్లకు ప్రాడో, ఎవరెస్ట్ లాంటివే సరైనవి, అప్పుడు మూడో వరుస మడిచి ఉంటుంది కాబట్టి బరువు లెక్క కూడా కుదురుతుంది. కాని ఆరుగురూ ఏడుగురూ నిజంగా కూర్చుని, తారు రోడ్డు మీద వెళ్లి, కారవాన్ పార్కులో దిగే మనలాంటి వాళ్లకు ఎత్తైన బండి ఇచ్చే ధైర్యంలో చాలా భాగం కంటికి కనిపించేదే గాని లెక్కకు నిలిచేది కాదు.

కారవాన్ ఎంపికలో మాకు తోడ్పడిన విషయాలు రెండు. మొదటిది, పలక మీద ఉన్న ఖాళీ బరువును నమ్ముకోకపోవడం. ఆ బరువు నీళ్లు, గ్యాసు లేకుండా చూపేది. ఎనభై లీటర్ల ట్యాంకులు రెండు నింపితే 160 కిలోలు. తొమ్మిది కిలోల గ్యాసు బండ నిండుగా ఉంటే ఇనుముతో కలిసి దాదాపు రెట్టింపు తూగుతుంది, గ్యాసు బండలు ముందు కొక్కెం దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ బరువులో ఎక్కువ భాగం నేరుగా టో బాల్ మీదికి వస్తుంది. కారవాన్ పార్కులో కుళాయి ఉంటుందని తెలిసినప్పుడు మేము ట్యాంకు పావు వంతే నింపుతాము. రెండోది బ్రేకులు. ట్రెయిలరు బరువు 750 కిలోలు దాటితే కనీసం ఒక ఇరుసు చక్రాలకు బ్రేకులు ఉండాలనీ, 2,000 దాటితే అన్ని చక్రాలకూ ఉండాలనీ, ట్రెయిలరు విడిపోతే దానంతట అది ఆగే ఏర్పాటు కూడా ఉండాలనీ ఇక్కడి నిబంధన. విద్యుత్ బ్రేకులున్న కారవాన్‌కు కారులో నియంత్రణ పెట్టె విడిగా బిగించుకోవాలి. ఆ రోజు బల్లారట్ దాటాక నన్ను కాపాడింది ఆ పెట్టెకున్న చిన్న మీటే. కారు ధర మాట్లాడేటప్పుడే టో బార్, దీపాల తీగలు, ఈ పెట్టె కలిపి ఎంతవుతుందో అడగండి.

కొత్త కారూ కారవాన్ చేతికొచ్చాక, మొదటి ప్రయాణానికి ముందు రోజు అందరం ఎక్కి, సామాను మొత్తం సర్ది, డబ్బు కట్టి తూచే పబ్లిక్ కాటాకు వెళ్లాము. ముందు కారు ముందు చక్రాలను, తరువాత వెనక చక్రాలను, తరువాత కారవాన్‌ను విడివిడిగా కాటా మీద నిలిపారు. కారవాన్ 1,480 తూగింది. కారు వెనక ఇరుసు తన హద్దుకు 60 కిలోలు మాత్రమే తక్కువగా ఉంది. నేను ఇంట్లో వేసుకున్న లెక్క కన్నా అది ఎక్కువ, కారణం అమ్మ నాకు చెప్పకుండా మూడో వరుస వెనక పెట్టించిన పది కిలోల బియ్యం సంచీ, ఆవకాయ జాడీ, రుబ్బురోలుకు బదులు తెచ్చుకున్న గ్రైండరు. వాటిని కారవాన్‌లోకి మార్చి, ఇరుసుకు పైన వంటగది అరలో సర్దాము. నాన్న ఆ కాటా చీటీని మడిచి, వెనకవైపు పెన్సిలుతో ఎవరెవరు ఏ సీటులో కూర్చున్నారో, ఏ సామాను ఎక్కడుందో రాసి, గ్లవ్ బాక్సులో పెట్టారు. వచ్చే నెల మా చెల్లెలు హైదరాబాద్ నుంచి వస్తోంది. ఏడో సీటు నిండుతుంది, మళ్లీ కాటాకు వెళ్లాలి.